పాత 5 కూనాల నోటు

క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో పాత నోట్లు అమ్మే ఒకాయన దగ్గర ఇవాళ 5 కూనాల నోటు కొన్నాను. కూనా అంటే ఆ దేశపు పాత కరెన్సీ. మడతల దగ్గర బాగా నలిగిపోయి ఉంది. 2023లో యూరో వచ్చాక వీటికి చెలామణీ లేదు.

నోటు మీద ఇద్దరు క్రొయేషియా ప్రభువులున్నారు: పెతార్ జ్రిన్‌స్కీ, ఫ్రాన్ క్ర్‌స్తో ఫ్రాంకోపాన్. బావాబావమరుదులు. అప్పట్లో వాళ్లని ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి లియోపోల్డ్ మీద కుట్ర పన్నారని 1671 ఏప్రిల్ 30న ఇద్దరి తలలూ నరికేశారు. ఆస్తులన్నీ జప్తు చేశారు.

ముందురోజు పెతార్ తన భార్య కతరీనాకి ఉత్తరం రాశాడు. ‘నా ప్రియమైన హృదయమా’ అని మొదలవుతుంది. నన్ను ఏడిపించింది ఆ పిలుపే. పాపం, ఆవిడకి భర్తా తమ్ముడూ ఒక్కరోజే పోయారు. రెండేళ్లకి, 1673లో, ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో తనూ చనిపోయింది.

నోటు మీద ఆవిడ లేదు. ఇంటికొచ్చి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.