పరంగిమలై మెట్లు, అమ్మ గోంగూర

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాక పది రోజులు ఆగాలి. అప్పుడే ఆ పసుపుపచ్చ కార్డు చెల్లుతుంది, అది లేకపోతే ఉగాండాలో దిగనివ్వరు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో "గుడ్డు పడుతుందా?" అని అడిగి సూది వేశారు. ఒకప్పుడు పదేళ్ళకోసారి మళ్ళీ వేయించుకోవాల్సి వచ్చేదట, 2016 నుంచి ఒక్క టీకాతో జీవితాంతం సరి. నేను కన్యాస్త్రీని. నాదింకా మొదటి మాటపట్టే, అంటే కొంతకాలానికి ఇచ్చిన మాట; జీవితాంతానికి ఇచ్చేది నిత్యవ్రతం. నాకంటే ముందు నా టీకా నిత్యవ్రతం పుచ్చుకుంది.

ఆ పది రోజుల్లోనే అమ్మా నాన్నా తెనాలిలో పినాకిని ఎక్కి చెన్నై వచ్చారు. మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. నర్సింగ్ పూర్తయ్యాక మా మఠంవాళ్ళు నన్ను ఉత్తర ఉగాండాలో గులు అనే ఊరికి పంపుతున్నారని చెప్పినప్పుడు నాన్న అడిగింది ఒక్కటే: "అక్కడ అన్నం దొరుకుద్దా?" మాటపట్టు అయిన దగ్గర్నుంచి నాన్న నన్ను "సిస్టరమ్మా, మీరు" అంటాడు. రెండు వాక్యాలు కాగానే మర్చిపోయి "నువ్వు"లోకి దిగిపోతాడు.

శాంతోమ్‌లో ఏసు శిష్యుడు పునీత తోమా సమాధి దగ్గర పూజ విన్నాం. అసలు మొక్కు మాత్రం కొండది. మర్నాడు పొద్దున్నే చిన్నమలైలో మొదలుపెట్టాం. తోమా దాక్కున్నాడని చెప్పే గుహలోకి అమ్మ ఒంగి వెళ్ళి, రాతిమీది చేతిగుర్తుకు తన చెయ్యి ఆనించి వచ్చింది. అక్కణ్ణుంచి జపమాల చెప్పుకుంటూ నడక. నాలుగైదు కిలోమీటర్లే గానీ, కత్తిపారా కూడలి దాటేసరికి ఐదు రహస్యాలూ బస్సుల హారన్లలో కలిసిపోయాయి.

కొండని తమిళంలో పరంగిమలై అంటారు. ఆ బోర్డు నేను చదివి చెప్పగానే నాన్న ఆగిపోయాడు. "పరంగి అంటే ఎవరు?" పోర్చుగీసువాళ్ళని, పైన గుడి 1523లో వాళ్ళే కట్టారని చెప్పాను. "అంటే మన ఫిరంగేగా! అంత దూరం నించి వచ్చి ఇదీ మన ఊరేనా?" అని నవ్వాడు. మెట్లెక్కుతున్నంతసేపూ అదే మాట. మెట్లు లెక్కపెడతానని మొదలుపెట్టాడు, సిలువమార్గంలో ఒక్కో స్థలం దగ్గర మోకరిల్లి లేచేసరికి అంకె మర్చిపోయేవాడు. తొమ్మిదో స్థలం దగ్గర లెక్క మానేసి అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

పీఠం వెనక రాతి సిలువ ఉంది. 1547లో తవ్వకాల్లో బయటపడిందట. దాని అంచున పహ్లవీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. పాత పర్షియా లిపి, కట్టినవాళ్ళు పోర్చుగీసు, కొండ తమిళుల్ది, ముందు మోకాళ్ళమీద ఉన్నది మా అమ్మ. నేను ప్రార్థించాను గానీ, నిజం చెప్పాలంటే భయంగానే ఉంది. యూదయ నుంచి వచ్చిన తోమాను ఇదే కొండమీద బల్లెంతో పొడిచి చంపారని సంప్రదాయం చెబుతుంది. పరాయివాళ్ళని అందరూ ఆదరించరు. ఇన్నాళ్ళూ మా ఊరికి వచ్చిన పరదేశి ఫాదర్ల కథలు వింటూ పెరిగాను. ఇంకో వారంలో ఫిరంగిని నేనే.

బయట గోడ దగ్గర నిలబడితే మీనంబాక్కం రన్‌వే కనిపిస్తుంది. నాన్న చాలాసేపు విమానాల్నే చూశాడు. "ఇట్టాంటిదాంట్లోనేనా నువ్వు పోయేది?" అని అడిగాడు. అది చిన్న విమానం. అవునన్నాను.

ఎయిర్‌పోర్టులో పెట్టె రెండు కిలోలు ఎక్కువ తూగింది. అమ్మ పట్టిన గోంగూర పచ్చడి రెండు సీసాలు, లేదంటే నా ధ్యాన పుస్తకాలు, ఏవో ఒకటి తియ్యాలి. మదర్ గారు చూస్తుండగానే పుస్తకాలు తీసేశాను. ఆవిడ ఏమీ అనలేదు, తీసినవాటిని తన సంచిలో పెట్టుకున్నారు.

దుబాయి దాకా నాలుగు గంటలు, అక్కడ కుర్చీలో కునుకు, మళ్ళీ ఐదున్నర గంటలు. ఎంటెబ్బేలో దిగేటప్పుడు కిటికీ నిండా నీళ్ళే, విక్టోరియా సరస్సు. నీళ్ళమీదే దిగుతున్నామనుకుని జపమాల తీశాను. ముందు అడిగింది పాస్‌పోర్టు కాదు, పసుపు కార్డు.

తీసుకెళ్ళడానికి వచ్చిన ఉగాండా సిస్టర్ దారిలో ఒక కథ చెప్పింది. 1879 ఫిబ్రవరిలో ఈ సరస్సు ఒడ్డునే ఫ్రెంచి గురువు సిమియోన్ లూర్దెల్, బ్రదర్ అమాన్స్ దిగారట. ఫ్రెంచిలో 'మోఁ పేర్' అంటే 'మా ఫాదర్'. అది ఇక్కడివాళ్ళ నోళ్ళలో 'మపేరా' అయింది. ఇప్పటికీ ఆయన పేరు అదే. ఆమె చెబుతుండగానే అరటిగెలలు అమ్ముతున్న పిల్లలు నన్ను చూసి "ముయిండీ!" అని అరిచారు. ఇండియావాళ్ళని అలా అంటారట. సరే, నా మొదటి పేరు.

మర్నాడు గులు బస్సు. కరుమా దగ్గర నైలు నది నురుగులు కక్కుతోంది, రోడ్డుపక్కన కొండముచ్చుల్లాంటి బబూన్లు బస్సుల వంక ఆశగా చూస్తున్నాయి. అంతకు మించి గుర్తులేదు, నిద్రపోయాను.

రాత్రి మఠంలో భోజనానికి చిలగడదుంపలు, పక్కన ఆకుపచ్చటి ముద్దకూర. పేరు మలక్వాంగ్. వేరుశెనగ ముద్దతో వండారు. నోట్లో పెట్టుకోగానే పులుపు దవడల్లోకి దిగింది. ఆకు చూపించమని వంటింట్లోకి పరిగెత్తాను. మన గోంగూర జాతే.

ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అయితే ఆ పుస్తకాలన్నా తీసుకుపోవాల్సింది కదే."