కే చాలు, కేఎఫ్ వద్దు

ధనుర్మాసం వచ్చిందంటే మాకు సెలవులే. ముహూర్తాలుండవు, కెమెరాలు బ్యాగుల్లోనే ఉంటాయి. సంక్రాంతి దాకా పాత పెళ్లిళ్ల ఎడిటింగ్ బాకీలు తీర్చుకోవడం, లెన్సులకు ఫంగస్ పట్టిందేమో చూసుకోవడం, అంతే పని. మాఘమాసం మొదలైతే మళ్లీ తల గోక్కునే తీరిక ఉండదు. అందుకే 2024 డిసెంబరులో, ఆ నెల రోజుల్లోనే కంప్యూటర్ మార్చేయాలని గట్టిగా అనుకున్నా.

హనుమకొండలో మాది చిన్న స్టూడియో. 2019లో కొన్న ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 3600 మీద ఐదేళ్లు లాక్కొచ్చా. దానికి వంక పెట్టడానికేం లేదు. కెమెరా మార్చాకే తంటా మొదలైంది. ఇప్పుడు 4కే, 10 బిట్, 4:2:2లో తీస్తున్నాం. పెళ్లంటే పసుపు, కుంకుమ, ఎర్రంచు పట్టుచీర, వాటన్నిటి మీదా స్టేజీ ఎల్‌ఈడీల ఊదా వెలుతురు. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 10 బిట్‌లో 1024. మామూలు 4:2:0లో నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే రంగు ఉంటుంది, 4:2:2లో రెండుంటాయి. పెళ్లికూతురి బుగ్గ మీద పడ్డ ఆ ఊదా రంగు తీసేటప్పుడు తేడా ఏంటో తెలుస్తుంది.

కాకపోతే ఆ ఫైళ్లు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో వేసి స్పేస్‌బార్ నొక్కితే తలంబ్రాలు గాల్లోనే ఆగిపోయేవి. రాత్రి ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు) పెట్టి పడుకోవడం, పొద్దున లేచి ఎడిటింగ్‌కి కూర్చోవడం అలవాటైంది. నడిరాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కాసేపు కుయ్యోమని మొత్తుకుని ఊరుకుంటే, పొద్దునకు చేతికొచ్చేది సున్నా.

ఏది కొనాలో మా అక్క కొడుకుని అడిగా. బీటెక్ మూడో ఏడు చదువుతున్నాడు, చదువు కంటే గేములు ఎక్కువ. "కండ్లు మూస్కొని 9800ఎక్స్3డీ తీస్కో మామా" అన్నాడు. అదీ ఏఎండీ ప్రాసెసరే, నవంబరు 7న వచ్చింది. ఉన్నవి 8 కోర్లే (లెక్కలు చేసే భాగాలు), కానీ ఎల్3 క్యాష్, అంటే చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ, 96 ఎంబీ. ఇదివరకు ఆ అదనపు క్యాష్‌ను కోర్ల నెత్తిన పెట్టేవారు, ఇందులో కిందికి దించారు. దాంతో కోర్ల వేడి సూటిగా కూలర్‌కి చేరుతుంది, స్పీడు పెంచుకోవచ్చు. వాడు చెయ్యి తిప్పుతూ చెబుతుంటే నాకూ ముచ్చటేసింది. ఇంటెల్ పేరెత్తితే మాత్రం నవ్వాడు. అక్టోబరు 24న వచ్చిన కొత్త కోర్ అల్ట్రాలు కొన్ని గేముల్లో తమ పాత 14900కే కంటే కూడా వెనకబడ్డాయి. డిసెంబరులో ఇంటెలే ఆ సంగతి ఒప్పుకుని సవరణలు ఇచ్చుకుంటూ వచ్చింది.

వాడి మాటల్లో నన్ను బాగా కదిలించింది సాకెట్ సంగతి, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. నా బి450 మదర్‌బోర్డు 2019ది. బోర్డులో ఉండే బయోస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే 2024 జనవరిలో వచ్చిన 5700ఎక్స్3డీ కూడా అందులో కూర్చుంటుంది. కొత్త సాకెట్ ఏఎమ్5కీ కనీసం 2027 దాకా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ మాటిచ్చింది. ఇంటెల్ వైపు చూస్తే ఎల్‌జీఏ 1700 సాకెట్ మూడు తరాలతో సరి, ఆ తర్వాత 1851 అని మళ్లీ కొత్త బోర్డు. బోర్డుకి పాతిక వేలు పెట్టేవాడికి ఇది చిన్న విషయం కాదు. రెండు రోజులు ఏఎండీ వైపే మొగ్గాను.

కానీ బెంచ్‌మార్క్ వీడియోల్లో ఎవరూ పెళ్లి చూపించరు కదా. అందుకని మూడు కెమెరాల తలంబ్రాల క్లిప్పులు ఎస్‌ఎస్‌డీలో వేసుకుని, వరంగల్‌లో ఆల్బమ్ డిజైన్ చేసే స్నేహితుడి దగ్గరికి వెళ్లా. వాడిది రైజెన్ 7 9700ఎక్స్. ఒక్క క్లిప్పు పర్లేదు, ఆడింది. మూడూ ఒకేసారి ఆడేలా మల్టీక్యామ్‌లో పెట్టేసరికి టాస్క్ మేనేజర్‌లో 16 థ్రెడ్ల (కోర్లు ఒకేసారి నడిపే పనుల వరుసల) గీతలూ నెత్తికెక్కాయి. తలంబ్రాలు మళ్లీ గాల్లోనే. ప్రాసెసర్ చేతకానిదని కాదు. హెచ్.265 పద్ధతిలో కుదించిన 4:2:2 ఫైలును విప్పే సర్క్యూటు ఆ ప్రాసెసర్ లోపలే ఉండే గ్రాఫిక్స్‌లో లేదు, నా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060లోనూ లేదు. అది లేకపోతే ఆ మోతంతా కోర్లే మోయాలి. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అని ఉంటుంది, దానికి 11వ తరం నుంచే ఈ విద్య వచ్చు. నా ఎంపిక అక్కడే తేలిపోయింది: కోర్ అల్ట్రా 7 265కే. పెద్ద కోర్లు 8, చిన్నవి 12. హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండేసి థ్రెడ్లు నడపడం) తీసేశారు కాబట్టి థ్రెడ్లు కూడా 20.

మర్నాడు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లా. ఒక షాపులో కుర్రాడు గబగబా కాలిక్యులేటర్ నొక్కి, "265కేఎఫ్ తీస్కో అన్నా, వెయ్యిన్నర తగ్గుద్ది. సేమ్ ప్రాసెసర్. లోపల గ్రాఫిక్స్ ఉండదంతే, నీకు కార్డుందిగా" అన్నాడు. తప్పేం చెప్పలేదు పాపం. గేములాడేవాడికైతే మంచి సలహా. నేను రైలెక్కి వచ్చిందే ఆ లోపలి గ్రాఫిక్స్ కోసం! అప్పటికే బాక్సు కౌంటర్ మీద పెట్టేశాడు. 'ఎఫ్' అనేది లేబుల్ మీద చీమంత ఉంది. వద్దని కే బాక్సే తెప్పించుకుని, బిల్లులో కూడా 'కే' అని రాయించుకున్నా.

ఇంటికొచ్చి పాతది విప్పేటప్పుడు నా తొందర నాకే తగిలింది. కూలర్ స్క్రూలు తీసి ఒక్క గుంజు గుంజితే, ప్రాసెసర్ కూడా దానికి అతుక్కునే వచ్చేసింది. రెండింటి మధ్యా పూసిన ఐదేళ్ల పేస్టు ఎండి బంకైపోయింది. ముందు కాసేపు మిషను నడిపి, వేడి మీద కూలర్‌ని అటూ ఇటూ మెలితిప్పి తీయాలని తెలుసు, ఓపిక పట్టలేదు. నా పాత సాకెట్ ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. మూలన నాలుగు వంగాయి. టేబుల్ లైటు కింద కూర్చుని, 0.5 పెన్సిల్ మొన ఒక్కో పిన్నుకి తొడిగి, ఊపిరి బిగపట్టి నిలబెట్టా. బతికింది. ఇప్పుడు మా అసిస్టెంట్ దాని మీదే ఆల్బమ్‌లు చేస్తున్నాడు.

కొత్తది మొదటి రాత్రే గుండె ఆగినంత పని చేసింది. తలంబ్రాలు ఇందులోనూ ఆగాయి! లక్షకు దగ్గరగా తగలేసి తెచ్చుకున్నది ఇదా అని ఒకటే టెన్షన్. గంట తర్వాత తెలిసిందేమిటంటే, గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే బోర్డు తనంతట తానే లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేసింది. బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేసి, డ్రైవర్ వేశాక స్పేస్‌బార్ నొక్కా. మూడు కెమెరాల్లోనూ గింజ గింజా కిందికి రాలింది. ఆ రాత్రి ప్రాక్సీలు పెట్టలేదు.

ఇది కొన్న పది రోజులకే జనవరిలో ఎన్విడియా 50 సిరీస్ కార్డులు ప్రకటించింది. వాటికీ 4:2:2 వచ్చట. కడుపు కాస్త మండింది. కొత్త కార్డు ఎలాగూ కొనేవాళ్లకు నా లెక్క పనికిరాదు, హాయిగా ఏఎండీకే వెళ్లొచ్చు. నాకు కార్డు మార్చే ఉద్దేశం లేదు కాబట్టి నా లెక్క నాకు సరిపోయింది.

సంక్రాంతికి మా మేనల్లుడు రానే వచ్చాడు. అడక్కుండానే ఏదో గేమ్ ఎక్కించి, మూలన కనిపించే ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) అంకె చూసి పెదవి విరిచాడు. "అదే 9800ఎక్స్3డీ ఉంటేనా మామా..." అని మొదలుపెట్టాడు. వాడి ఒళ్లో ఉన్న సకినాల గిన్నె తీసి కీబోర్డుకి దూరంగా పెట్టా.