గవిని దగ్గర కాసేపు

మా చర్చిలో ఏ పెళ్లి జరిగినా సామెతల గ్రంథం 31వ అధ్యాయం చదవాల్సిందే. గుణవతియైన భార్య గురించి చెబుతూ చెబుతూ, ఆమె పెనిమిటి దేశపు పెద్దలతో కూర్చుంటాడని, "గవినియొద్ద పేరుగొనినవాడై" ఉంటాడని వస్తుంది. గవిని అంటే కోటగుమ్మం అని సండేస్కూల్లో చెప్పారు. గుమ్మంలో కూర్చున్నవాడికి పేరెలా వస్తుందో మాత్రం అర్థం కాలేదు. మా ఇంట్లో గుమ్మంలో కూర్చుంటే తిట్లే!

ఇశ్రాయేలు యాత్రలో ఉత్తరపు కొసన ఉన్న తేల్ దాన్‌కి వెళ్లాం. "దాను మొదలుకొని బెయేర్షెబా వరకు" అని బైబిల్లో వస్తుందే, ఆ దాను ఇదే. బస్సు లేటవడంతో మాకు నలభై నిమిషాలే ఇచ్చారు. 1993లో "దావీదు ఇల్లు", అంటే దావీదు రాజవంశం, అని చెక్కిన శిలాఫలకం ముక్క దొరికింది ఇక్కడే. అసలు రాయి యెరూషలేము మ్యూజియంలో ఉంది కాబట్టి నేను అక్కడ ఆగలేదు.

నన్ను ఆపింది ద్వారం. క్రీ.పూ. 9వ శతాబ్దం నాటిదట. బయటి గుమ్మం దాటగానే రాళ్లు పరిచిన వాకిలి. అక్కడ మలుపు తిరిగితేనే లోపలి గుమ్మం. రథం మీద దూసుకొచ్చేవాడికి ఆ మలుపులోనే వేగం తగ్గిపోతుంది. లోపలి గుమ్మానికి అటూ ఇటూ కాపలావాళ్ల గదులు. ఆ వాకిట్లోనే గోడ వారగా పొడవాటి రాతి అరుగు. పక్కనే గుమ్మడికాయలా చారలు చెక్కిన దిమ్మలతో చిన్న వేదిక. రాజో న్యాయాధిపతో కూర్చునేవాడని కొందరు, విగ్రహం పెట్టేవారని కొందరు అంటారు.

అరుగు మీద కూర్చున్నాను. ఊళ్లోకి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందరూ ముందునుంచే వెళ్లాలి. బైబిల్లో బోయజు, విధవరాలైన రూతును పెళ్లాడే సంగతి తేల్చుకోవడానికి పదిమంది పెద్దల్ని కూర్చోబెట్టింది కూడా బేత్లెహేములో ఇలాంటి చోటే. "గుమ్మములలో న్యాయము స్థిరపరచుడి" అని ఆమోసు ప్రవక్త అన్నది తలుపుల గురించి కాదు, కోర్టు గురించి!

అక్కడికి దగ్గర్లోనే బనియాస్, అంటే ఫిలిప్పుదైన కైసరయ. యేసు తన సంఘం గురించి, పాతాళ ద్వారాల గురించి మాట్లాడింది ఈ ప్రాంతంలోనే. కొండ గోడలో పెద్ద గుహ, పక్కన గ్రీకుల దేవుడు పాన్ కోసం తొలిచిన గూళ్లు. పాతాళ ద్వారమంటే ఈ గుహేనని గైడు గట్టిగా చెప్పాడు. నాకు అంతగా నమ్మబుద్ధి కాలేదు. "పాతాళలోక ద్వారములు దాని యెదుట నిలువనేరవు" అని విన్నప్పుడల్లా చిన్నప్పుడు ఆ తలుపులే సంఘం మీదికి వస్తున్నట్టు ఊహించుకునేవాణ్ణి. ద్వారాలు కదలవు కదా! నిలవలేనివి అవి. ముట్టడి వేసేది సంఘం. మన తెలుగు మాటలో అది సూటిగానే ఉంది, నేనే తిరగేసి విన్నాను.

ఇంటికొచ్చాక ఆ అరుగు ఫోటో అమ్మకి చూపించాను. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"రచ్చబండ చూడ్డానికి అంత దూరం వెళ్లావా?"