మోటివేషన్ క్లాసు వద్దు సార్, ఒక లీజర్ పీరియడ్ ఇవ్వండి

ఈ మధ్య టీచర్లకు ఏ ట్రైనింగ్ పెట్టినా చివర్లో ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని ఒక క్లాసు తగిలిస్తున్నారు. ఎవరో వచ్చి కళ్లు మూసుకోమంటారు, ఊపిరి గట్టిగా పీల్చమంటారు, నవ్వమంటారు. నవ్వుతాం. బయటికొచ్చి ఫోన్ చూస్తే గ్రూపులో "ఇంకా వివరాలు అప్‌లోడ్ చేయని పాఠశాలలు" అని లిస్టు, అందులో మన బడి! పీల్చిన ఊపిరి అక్కడే పోతుంది.

టీచర్ మనసు బాగుండాలంటే పని, జీతం, పక్కనున్న మనుషులు బాగుండాలి. కరోనాలో ఇది కళ్లారా చూశాం. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక మా సర్కారు జీతాల్లో కొన్ని నెలలు కోతపడింది, అంతే. ప్రైవేటు బడుల్లో చెప్పేవాళ్లలో చాలామందికి ఆ మాత్రం దిక్కు కూడా లేదు. నాతో బీఎడ్ చదివినావిడ ఉపాధి హామీ పనికి పోయింది, మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని. ఎండకు కాదు, తన స్టూడెంట్ల తల్లులు కూడా అదే పనికి వస్తారని. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ బియ్యం ఇంటికొచ్చిన రాత్రి కంటినిండా నిద్రపోయానని చెప్పింది. ఏ కౌన్సెలింగ్ ఇస్తుంది ఆ నిద్ర?

సెప్టెంబర్ 1న బడి తెరిచాక ఆరో తరగతిలోకి వెళ్తే అందరూ నాలుగో తరగతిలో ఆగిపోయిన పిల్లలు. సర్కారు వాళ్ల టీ-శాట్ చానల్‌లో, యాప్‌లో పాఠాలు వచ్చాయి, నిజమే, కానీ చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోన్ నాన్నతో పాటు పొలానికి పోయేది. ఒకడు ఒత్తు ఎటు పెట్టాలో తెలియక రబ్బరుతో తుడిచి తుడిచి కాగితం చింపేశాడు, ఆ చిరుగు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

పుస్తకం పక్కన పెట్టేశాం. మొదటి పది నిమిషాలు ఇంటి కబుర్లే. వాళ్లు చెప్పినదాంట్లోంచి ఒక వాక్యం బోర్డు మీద రాయడం, అందరూ చదవడం, తర్వాత చూడకుండా రాయడం. "మా బర్రె ఈనింది" అన్నది ఒకరోజు పాఠం. ఆ రోజు వాడు ర్రెకి ఒత్తు సరిగ్గా పెట్టాడు. పిల్లల సంగతేమో గానీ, ఆ పది నిమిషాల వల్ల నాకే ముందు టెన్షన్ దిగింది. సిలబస్ ఎంతయిందని అడగడానికి వచ్చిన సారుతో మా హెడ్‌మాస్టర్ "ముందు అక్షరాలు పట్టనివ్వండి సార్, తర్వాత నన్ను అడగండి" అన్నారు. మమ్మల్ని అడగనివ్వలేదు.

స్టాఫ్‌రూమ్‌లో ఇంకో ఒప్పందం ఉంది. ఎవరికైనా మనసు బాలేకపోతే ఒక పీరియడ్ వేరేవాళ్లు తీసుకోవాలి, కారణం అడగకూడదు. అడగకపోతేనే చాలామంది చెప్పుకుంటారు, అదో విచిత్రం.

ఇలాంటి సర్దుబాట్లకు లొంగని బాధలూ ఉంటాయి. రోజుల తరబడి నిద్రపట్టక, బడి గేటు చూస్తేనే గుండె దడ వస్తుంటే ఊరికే ఓర్చుకోకండి, 14416కి ఫోన్ చేయండి. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మా హెడ్‌మాస్టర్ మాత్రం రాత్రి వచ్చిన ఆర్డర్లను పొద్దున బడికొచ్చాకే మాకు చెబుతారు. పైవాళ్లు గట్టిగా అడిగితే ఊళ్లో సిగ్నల్ లేదంటారు. మా ఊళ్లో సిగ్నల్ బ్రహ్మాండంగా వస్తుంది.