నాలుగు మెషీన్లు కలిపితే పని ఇంకా నెమ్మదించింది

మా దగ్గర గాలి ప్రవాహాన్ని లెక్కగట్టే సిమ్యులేషన్ ఒకటి ఉంది. ఓపెన్‌ఫోమ్ అనే ప్రోగ్రామ్‌లో నడుస్తుంది. ఒక మెషీన్ మీద ఒక్కో రన్‌కి 11 గంటలు పడుతుంది. మాకు కావలసినవి 40 రన్‌లు, ఒక్కోదానిలో గాలి కోణం వేరు. చేతిలో ఒకేలాంటి మెషీన్లు నాలుగున్నాయి. వాటిని కలిపి ఒకే వ్యవస్థగా, అంటే క్లస్టర్‌గా, కట్టే పని నాకొచ్చింది.

ముందు తట్టింది కుబర్నెటీస్, చాలా మెషీన్ల మీద ప్రోగ్రామ్‌లను నడిపించి చూసుకునే సాఫ్ట్‌వేర్. వెబ్ సర్వీసులు దాని మీద నడిపిన అలవాటుంది మరి. కానీ దాని బలమంతా ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన సర్వీసుల్లో ఉంది. ఒకటి పడిపోతే ఇంకొకటి లేపుతుంది. నాది మొదలై, గంటలకొద్దీ మెషీన్ మొత్తాన్ని వాడుకుని, ముగిసిపోయే పని. దానికి క్యూ కావాలి. అందుకే ఇలాంటి బ్యాచ్ పనుల్ని క్యూలో పెట్టి నడపడానికే రాసిన స్లర్మ్ వైపు మొగ్గాను.

ఇన్‌స్టాలేషన్‌లో ఒక్క చోటే నిజంగా టెన్షన్ పడ్డాను. మూడు నోడ్లు (క్లస్టర్‌లోని మెషీన్లు) లేచాయి, నాలుగోది రాత్రంతా డౌన్ అనే చూపించింది. కేబుల్ మార్చాను, ఫైర్‌వాల్ చూశాను. చివరికి లాగ్‌లో మంజ్ అనే గుర్తింపు ప్రోగ్రామ్ ఎర్రర్ కనబడింది. నోడ్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి స్లర్మ్ మంజ్ టోకెన్లు వాడుతుంది. మామూలు సెట్టింగ్‌లో అవి 5 నిమిషాలే చెల్లుతాయి. ఆ మెషీన్ గడియారమేమో 7 నిమిషాలు వెనక ఉంది. క్రోనీ అనే ప్రోగ్రామ్‌తో టైమ్ సరిచేశాక నోడ్ లేచింది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. ఒకే రన్‌ని ముక్కలు చేసి, ఆ ముక్కలు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే ఎంపీఐ పద్ధతిలో రెండు మెషీన్లకి పంచితే 7 గంటలకు దిగింది. నాలుగింటికి పంచితే 9 గంటలైంది! ప్రాసెసర్ల వాడకం చూపే హెచ్‌టాప్ తెరిచి చూస్తే నాలుగు మెషీన్లలోనూ కోర్లన్నీ 100 శాతం, పచ్చటి గీతలు చివరిదాకా. ఇంత కష్టపడుతున్నప్పుడు ఆలస్యమెందుకో రెండు రోజులు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, మెసేజ్ కోసం ఎదురుచూసే ప్రాసెస్ నిద్రపోదు, వచ్చిందా వచ్చిందా అని తిరుగుతూనే ఉంటుంది. నేను పని అనుకున్నదాంట్లో చాలా భాగం ఎదురుచూపే.

కారణం నెట్‌వర్క్. ప్రతి స్టెప్‌లోనూ ఒక్కో ముక్క తన అంచుల దగ్గరి విలువల్ని పక్క ముక్కకి పంపాలి. పీడనం లెక్కలో అయితే అన్ని ముక్కల మొత్తాలూ కలవాలి, అదీ మళ్లీ మళ్లీ. ముక్కలు పెరిగేకొద్దీ ఒక్కోదానికి లెక్క తగ్గుతుంది, మాటలు మాత్రం తగ్గవు. మామూలు గిగాబిట్ ఈథర్‌నెట్ మీద ఒక చిన్న మెసేజ్‌కి పదుల మైక్రోసెకన్లు పడుతుంది, క్లస్టర్లలో వాడే వేగమైన ఇన్ఫినీబ్యాండ్ నెట్‌వర్క్ మీద ఒకటి రెండు. అది కొనే వీలు మాకు లేదు. 1994లో నాసా గొడార్డ్‌లో థామస్ స్టెర్లింగ్, డోనాల్డ్ బెకర్ 16 మామూలు 486 ప్రాసెసర్ మెషీన్లతో మొదటి బేవుల్ఫ్ క్లస్టర్ కట్టినప్పుడు కూడా ప్రాసెసర్ల వేగానికి ఒక ఈథర్‌నెట్ చాలక, ఒకటికి మించి లైన్లు కలిపి వాడారు. అది చదివాక మనసు కుదుటపడింది.

అప్పుడు కాగితం మీద లెక్క వేశాను. నాలుగు రన్‌లు పూర్తి కావాలంటే, ఒక్కోదాన్ని నాలుగు మెషీన్లకి పంచుతూ వరసగా నడిపితే 36 గంటలు. రెండేసి మెషీన్ల చొప్పున అయితే 14. ఏదీ పంచకుండా ఒక్కో మెషీన్‌కి ఒక రన్ ఇచ్చేస్తే 11. ఈ 40 రన్‌లకి ఒకదానితో ఒకటి మాట్లాడే అవసరమే లేదు. ఆ సంగతి మొదటి రోజే తెలిసి కూడా నేను ఒక్క రన్‌ని వేగంగా చేయడం మీదే పడ్డాను.

స్లర్మ్‌లో 40 పనుల జాబ్ అరే (ఒకే రకం పనుల వరస) పెట్టాను, నోడ్‌కి ఒకటే నడిచేలా. నాలుగూ ఒకేసారి అన్ని మెషీన్లూ పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ డిస్క్ మీద రాస్తుంటే అది మొరాయించింది. అందుకని ఫలితాలు లోకల్ డిస్క్ మీద రాసి, చివర్లో ఒకసారి కాపీ చేసేలా మార్చాను. ఒక్క మెషీన్ మీద 18 రోజులు దాటాల్సిన పని ఐదో రోజు మధ్యాహ్నానికి అయిపోయింది. తొందరగా ఒక్క ఫలితమే కావాలని ఎవరైనా అడిగితే ఇప్పటికీ రెండు నోడ్లు కలిపి ఇస్తాను.