నివెన్ చెరువులో బుడబుంగలు

కెనడాలో ఎడ్మంటన్ నుంచి ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్‌ ఊరికి 1,400 కిలోమీటర్ల పైమాటే. రెండు రోజులు కారులో వెళ్లాం, నేనూ మావారూ. ఎవరికి చెప్పినా "అరోరా కోసమా?" అనే అడిగారు, అంటే రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగుల కోసమా అని. జూలై మొదట్లో అక్కడ సరిగ్గా చీకటే పడదు, ఇంక అరోరా ఎక్కడ? మేం వెళ్లింది పిట్టల కోసం.

ఊరు దగ్గరయ్యేకొద్దీ దారి పక్కన కాలిన చెట్లు. 2023 ఆగస్టులో కార్చిచ్చు వల్ల దాదాపు 20 వేల మంది ఊరు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ నల్లటి మోళ్ల మధ్య ఊదారంగు ఫైర్‌వీడ్ పూలు! కాలిన నేలలో ముందుగా లేచే మొక్కల్లో ఇదొకటి. కంకి అడుగు నుంచి పైకి పూస్తుంది. కొసన ఉన్న మొగ్గ కూడా విచ్చిందంటే వేసవి అయిపోయినట్టే అంటారు. మేం చూసినవాటికి అడుగున నాలుగు పూలే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను.

ఊరి పక్కనే ఉన్న గ్రేట్ స్లేవ్ సరస్సు లోతు 614 మీటర్లు, ఉత్తర అమెరికాలో ఇంత లోతైనది ఇంకోటి లేదు. ఒడ్డున ఆర్కిటిక్ టెర్న్‌లు చేపల కోసం నీళ్లలోకి దూకుతున్నాయి. పిడికెడు పిట్ట, చలికాలానికి అంటార్కిటికా వైపు వెళ్లిపోతుంది!

నా మనసు మాత్రం ఊళ్లోని చిన్న నివెన్ చెరువు దగ్గరే ఆగిపోయింది. ఒకప్పుడు దశాబ్దాల పాటు ఊరి మురుగంతా అందులోకే వదిలేవారట. ఇప్పుడు చుట్టూ జమ్ము, అడవి గులాబీలు, లాబ్రడార్ టీ పొదలు. ఆ పొద ఆకు తిప్పి చూశాను. పైన తోలులా మందంగా ఉంది, అడుగున తుప్పురంగు నూగు. అక్కడి ఆదివాసులైన డెనే ప్రజలు ఈ ఆకుతో టీ కాచుకుంటారు.

"ఏమండీ, కదలకండి," అన్నాను మెల్లగా. జమ్ము పక్కన హార్న్‌డ్ గ్రీబ్. మన బుడబుంగకి చుట్టం. ఎర్రటి కన్ను, తలకి రెండు పక్కలా బంగారు రంగు కుచ్చులు. వీపు మీద రెక్కల సందులోంచి చారల తల ఒకటి బయటికొచ్చింది. తర్వాత ఇంకొకటి.

హైదరాబాద్‌లో మా ఇంటి వెనక చెరువులో చిన్నప్పుడు బుడబుంగలు ఉండేవి. మురుగు కలిశాక మళ్లీ కనపడలేదు. ఆ చెరువు గురించి నేను ఆశ వదిలేసుకుని చాలా ఏళ్లయింది.

తల్లో తండ్రో, రెండో గ్రీబ్ ఈదుకుంటూ వచ్చి, పిల్ల నోటికి ఏదో అందించింది. బైనాక్యులర్స్‌లో చూస్తే చేప కాదు, ఈక! ఇవి ఈకలు మింగుతాయి, పిల్లలకీ పెడతాయి. పిల్ల రెండుసార్లు మెడ సాచి, మింగేసి, మళ్లీ రెక్క కిందికి దూరింది.