ప్యాచ్ కలుస్తోంది, ఫోటో కుదరట్లేదు

మొదటి రోల్ కడిగించి చూస్తే 36 ఫ్రేముల్లో ఒక్కటీ పదునుగా లేదు. అది పెదనాన్న వాడిన 1970ల నాటి రేంజ్‌ఫైండర్ కెమెరా. ఏళ్ల తరబడి బీరువాలో ఉండి షట్టర్ బ్లేడ్లకి నూనె పట్టి అతుక్కుపోయాయి. ముందు వైపు లెన్సుల సెట్టు విప్పి, దూదిపుల్లకి లైటర్ ఫ్లూయిడ్ అద్ది, నాలుగైదు రోజులు తుడిచి నేనే వాటిని కదిలించాను. షట్టర్ మొదటిసారి టక్కుమన్నప్పుడు ఎంత సంతోషపడ్డానో! అందుకే ఆ రోల్ చూశాక నిజంగా దిగులేసింది.

వ్యూఫైండర్‌లో పసుపు ప్యాచ్, అంటే ఫోకస్ కుదిరితే రెండు బొమ్మలు ఒకటయ్యే చిన్న మచ్చ, చక్కగానే కలుస్తోంది. అయినా ఆ బొమ్మల్ని కలిపే రేంజ్‌ఫైండర్ భాగం మీదే అనుమానం వచ్చి, పైమూత తీసి సర్దే స్క్రూ తిప్పేశాను. అక్కడే తొందరపడ్డాను. ఎస్‌ఎల్‌ఆర్ రకం కెమెరాలో లెన్స్ చూసేదే మనమూ చూస్తాం. ఇందులో మనం చూసే కిటికీలు వేరు, ఫిల్మ్ ముందుండే లెన్స్ వేరు. రెండింటినీ కలిపేది లోపలి చిన్న లివర్. ప్యాచ్ కలిసినా ఫిల్మ్ మీద బొమ్మ కుదిరిందని నమ్మకం లేదు. స్క్రూ ముట్టుకునే ముందే ఫిల్మ్ వైపు నుంచి చూడాల్సింది.

వెనక తలుపు తెరిచి, ఫిల్మ్ ఆనుకునే లోపలి పట్టాల మీద మసక టేపు బిగుతుగా అంటించాను. షట్టర్‌ని బి (నొక్కినంతసేపూ తెరిచి ఉండే సెట్టింగ్) మీద పెట్టి, కేబుల్ రిలీజ్ (షట్టర్ నొక్కే తీగ) నొక్కి ఉంచి, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి దూరపు సెల్ టవర్‌ని లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో చూశాను. బొమ్మ తలకిందులుగా పడుతుంది, కంగారు పడక్కర్లేదు. ఫోకస్ రింగ్ ఇన్ఫినిటీ (చాలా దూరపు వస్తువుల గుర్తు) దగ్గరే ఉంది, టవర్ మాత్రం అలుక్కుపోయినట్టుంది.

అంటే తేడా లెన్స్‌లోనే. సెట్టు మళ్లీ విప్పితే తెలిసింది, నేను బిగించినప్పుడు మర పక్కకి పడి చివరిదాకా దిగలేదు. ఈసారి ముందు వెనక్కి తిప్పి, మర చిన్నగా క్లిక్‌మన్నాక మెల్లగా బిగించాను. టేపు మీద టవర్ చువ్వలు ఒక్కొక్కటే కనబడుతుంటే కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత అనవసరంగా తిప్పిన స్క్రూని అదే టవర్‌తో మళ్లీ సర్ది, మీటరు దూరంలో పుస్తకం నిలబెట్టి సరిచూశాను. రెండు చోట్లా కలిసింది. నిలువులో వెంట్రుకవాసి తేడా ఇంకా ఉంది. అది సర్దాలంటే లోపలి సగం అద్దం (కొంత వెలుతురుని పోనిచ్చి కొంత తిప్పికొట్టేది) దగ్గరికి వెళ్లాలి. దాని పూత దూది రాపిడికే లేచిపోతుంది, పోతే ప్యాచ్ వెలిసిపోతుంది. అందుకే దాని జోలికి పోకుండా పైమూత బిగించేశాను. కొత్త రోల్‌లో ఇప్పుడు 11వ ఫ్రేము నడుస్తోంది.